గుఱ్ఱపు మొగముపై పుండ్లు, దురదలు: గుర్తించు విధము, చికిత్స

ఎడ్లు, బఱ్ఱెలు, గొఱ్ఱెలు గల కర్షకుల పత్రికలో గుఱ్ఱపు మాట యెందుకని కొందఱు సభ్యులు తలంపవచ్చును. దుక్కి ట్రాక్టరు పాలైనది, ప్రయాణము మోటారు పాలైనది. అయినను గుఱ్ఱము మన పల్లెలను పూర్తిగా విడిచిపోలేదు. మాఘము మొదలు జ్యేష్ఠము వఱకు పెండ్లిండ్లలో వరుని యూరేగింపునకు గుఱ్ఱము కావలసియే యున్నది. ఒకటి రెండు గుఱ్ఱముల నమ్ముకొని యేడాది పొడుగునను బ్రదుకు కుటుంబములు గలవు. అట్టి వారికి గుఱ్ఱపు మొగమే పెట్టుబడి. వెండ్రుక లూడి, పక్కులు కట్టి, కన్నుల వెంట నీరు గారు గుఱ్ఱమును పెండ్లివారెవ్వరును బాడుగకు గైకొనరు.

దేశమున గుఱ్ఱములు వేగముగా తగ్గుచున్నవి. 2012 పశుగణనలో గుఱ్ఱములును తట్టువలును కలిసి సుమారు 6 లక్షల 25 వేలుండగా, 2019 గణన నాటికి 3 లక్షల 40 వేలకు దిగినవి. గాడిద లీ యేడేండ్లలోనే నూటికి అఱువదికి పైగా తగ్గి, సుమారు లక్షా 20 వేలే మిగిలినవి. జంతువులు తగ్గుటతో పాటు వాని రోగముల నెఱిగిన వారును తగ్గిరి. పూర్వము గుఱ్ఱపు వైద్యుని హిందుస్థానీలో సాలోత్రి యనెడివారు. అశ్వశాస్త్రము చెప్పిన శాలిహోత్రుని పేరే యా మాటగా మాఱినది. నేడు పల్లెలో సాలోత్రి లేడు. కావున గుఱ్ఱమునకు చర్మబాధ గలిగినపుడు, ఎద్దునకు వాడగా మిగిలిన మందునో, పొరుగువాడు చెప్పిన నూనెనో తెచ్చి పూయుట వాడుకయైనది. చేటంతయు నిక్కడనే యున్నది. మొగముపై వచ్చు బాధలు పదివిధములుగా నుండును. కొన్ని యేమియు చేయకున్నను తగ్గును, కొన్ని ఒక్క వారములో కన్నును దీయును, ఒకటి మాత్రము మనిషిని గూడ చంపును. వీని నన్నిటిని ఒకే మందుతో నయము చేయబూనుట కండ్లు మూసికొని విత్తనము చల్లుట వంటిది. కావున మందు పూయుటకు ముందు రోగమును గుర్తింపవలయునని మేము సభ్యులకు మనవి చేయుచున్నాము.

మన చుట్టుపట్ల నేల తీరు

మర్కూకు మండలము 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాతో పాటుగా నేర్పడినది. 2020 మే 29వ తేదీన కొండపోచమ్మ సాగరము ప్రారంభమగుటతో, 15 టి.ఎం.సీ.ల నీరు నిలువగల జలాశయము మన ముంగిటికి వచ్చినది. నీరు సిరియే, సందేహము లేదు. కాని నీటి యంచుల నుండు తడినేలయు, బురదగుంటలును, దట్టమైన పచ్చికయు కుట్టెడు చిన్న దోమలకును, నిలువ నీటిలో బ్రదుకు కొన్ని సూక్ష్మజీవులకును ఇష్టమైన తావులు. బీడు భూముల లోనన్ననో వయ్యారిభామ మొక్క పెరుగుచున్నది. ఎండాకాలపు టెండ సరేసరి. కావున గుఱ్ఱపు మొగముపై మచ్చ కనబడిన వెంటనే, అది గడచిన పదిదినములు ఎక్కడ మేసినది, ఎక్కడ నీరు త్రావినది, ఎక్కడ నిలువబడినది యని జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. సగము రోగనిర్ణయ మా ప్రశ్నలలోనే యున్నది.

చూచు విధము

గుఱ్ఱమును మంచి వెలుతురున నిలిపి, నెమ్మదించిన పిదప ప్రక్కనుండి సమీపింపుడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనుట మేలు. ఈ క్రింది యేడు సంగతులను వరుసగా చూడుడు.

మొదటిది, దురద గలదా? గుఱ్ఱము మొగమును గుంజకును గోడకును రాచుకొనుచున్నదా?
రెండవది, మచ్చ యెక్కడ నున్నది? కళ్ళెము, తలత్రాడు తగులు తావులనా, కన్నుల మూలలనా, పెదవుల యంచుననా, చెవులయందా?
మూడవది, మచ్చ తెల్లని చర్మమునకే పరిమితమా, నల్లని చర్మముపై గూడ గలదా?
నాలుగవది, అది పొడిగా నున్నదా, తడిగా రసి కారుచున్నదా?
అయిదవది, సాలలో నొక్కదానికేనా, తక్కిన వానికి గూడ వచ్చినదా? మాలీసు చేయు సాయీసు చేతులపై మచ్చలు గలవా?
ఆఱవది, ముక్కునుండి చీమిడి కారుచున్నదా? దవడ క్రింద గడ్డలు గలవా?
ఏడవది, జ్వరము గలదా? నెమ్మదిగా నున్న పెద్దగుఱ్ఱపు వేడి 99 నుండి 101 డిగ్రీల ఫారెన్‌హీటు వఱకు నుండుట సహజము. అంతకు మించిన వైద్యునికి తెలుపవలయును.

ఈ సమాధానముల నొక కాగితముపై వ్రాసికొని, మచ్చను చేతిఫోనుతో చిత్రము దీసి యుంచుడు. నాలుగు దినముల తరువాత మరల తీసిన చిత్రముతో పోల్చినచో, అది పెరిగినదో తగ్గినదో తెలియగలదు.

తామర

కళ్ళెపు పట్టెలు, తలత్రాడు తగులు తావులలో నాణెమంత గుండ్రని మచ్చలుగా వెండ్రుక లూడి, బూడిదరంగు పొట్టు రాలుచుండిన నది తరచుగా తామర. దురద స్వల్పము, లేదా యుండనే యుండదు. చిన్నవయసు గుఱ్ఱములకు హెచ్చు. ఇది బూజుజాతి క్రిమి వలన గలుగును. ఒక దాని బుఱుసు, కళ్ళెము, జీను మఱియొక దానికి వాడుటచే ప్రాకును, మనుష్యులకు నంటును. సాధారణముగా నొకటి నుండి మూడు నెలలలో తనంతట తగ్గును. అయినను అంతవఱకు ఊరకుండిన సాలలోని గుఱ్ఱము లన్నిటికి వ్యాపించును. కావున వైద్యుడు చెప్పిన బూజునాశక ద్రావణముతో కడుగుట, ఆ గుఱ్ఱపు సామానును వేఱుచేయుట రెండును కావలయును. బుఱుసులను, త్రాళ్ళను సబ్బునీటితో శుభ్రముగా కడిగి, బట్టలకు వాడు బ్లీచింగు ద్రవము ఒకపాలు, నీరు పదిపాళ్ళు కలిపి, అందులో నానవేసి యెండలో నారవేయుడు. ఆ ద్రవమును గుఱ్ఱపు చర్మమునకు మాత్రము తాకనీయకుడు.

వానకాలపు పక్కులు

వర్షములలో తడిసిన గుఱ్ఱమునకు చిన్న చిన్న పక్కులు లేచి, ఒక్కొక్క పక్కును లాగిన కుంచెవలె వెండ్రుకల గుత్తితో నూడివచ్చును. క్రింద చర్మ మెఱ్ఱగా తడిగా నుండును. ముట్టిన నొప్పి, దురద తక్కువ. తడిలో వృద్ధినొందు సూక్ష్మజీవి దీనికి కారణము. దీనికి మొదటి మందు పొడిదనము. గుఱ్ఱమును కప్పు క్రిందికి దెచ్చి, పక్కులను గోరువెచ్చని నీటితో నానబెట్టి, మెత్తబడిన వానినే తీయుడు. గట్టిగా నున్న వానిని పెఱుకుట హింసయే గాని వైద్యము గాదు. పిదప పోవిడోన్ అయోడిన్‌ను పలుచని తేనీటి రంగు వచ్చునంతగా నీటిలో కలిపి, దూదితో నద్ది, మెత్తని బట్టతో తడియార్పవలయును. వారములో తగ్గకున్నను, జ్వరము వచ్చినను సూదిమందు కావలసి యుండును. అది వైద్యుని పని.

దోమలు, ఈగలు

నలుసంతటి కుట్టుడు దోమలు నీటియంచుల బురదలో పుట్టి, తెల్లవాఱు వేళలను సంధ్యవేళలను హెచ్చుగా కుట్టును. చెవులు, నుదుటి జూలు, మెడజూలు, తోకమొదలు దురదపెట్టి, గుఱ్ఱము రాచుకొని రాచుకొని వెండ్రుకల నూడ్చుకొనును. ఇవి యెగురుటలో మిక్కిలి బలహీనములు, పంకా గాలికి నిలువజాలవు. కావున ఆ రెండు వేళలలో గుఱ్ఱమును సాలలో గట్టి, పంకా తిప్పుటయు, సన్నని కన్నుల తెర కట్టుటయు మందులకన్న మేలు చేయును.

ఈగల సంగతి వేఱు. అవి లద్దెలో గ్రుడ్లు పెట్టును. వేసవిలో గ్రుడ్డు ఈగ యగుటకు వారము పదిదినములు చాలును. లద్దెను ప్రతిదినము దీసి సాలకు దూరమున నెరువుగుంటలో వేసి కప్పినచో నీ చక్రము తెగును. ఎరువు పొలమునకు దక్కును, కన్ను గుఱ్ఱమునకు దక్కును.

బర్సాతీ పుండ్లు

కన్నులోపలి మూలను, పెదవి మూలను, గాయములపైని మానకుండ ఎఱ్ఱని మాంసము పెరిగి, అందులో బియ్యపుగింజ వంటి పసుపుపచ్చని గట్టి పలుకులు కనబడు పుండును పందొమ్మిదవ శతాబ్దపు సైనిక పశువైద్యులు హిందుస్థానీ మాటనే గైకొని 'బర్సాతీ' యని వ్రాసిరి. వర్షకాలమున వచ్చుటచే నా పేరు. ఆ పలుకులను కంకర యనిరి. నేటి శాస్త్ర మీ పేరున రెండు వేర్వేఱు రోగములున్నవని తెలిసికొన్నది. ఒకటి, గుఱ్ఱపు కడుపులోని పురుగుపిల్లలను ఈగలు తెచ్చి తడి గాయములపై వదలుటచే గలుగునది. రెండవది, నిలువ నీటిలో నుండు బూజును బోలిన జీవి చర్మములో చొచ్చుటచే గలుగునది. మొదటి దానికి పురుగుమందు పనిచేయును. రెండవది దినదినము పెరిగి యెముకవఱకు పోవును, తొలినాళ్ళలోనే కోసి తీసివేసిన గాని ప్రాణమునకు ముప్పు. రెంటికిని చూపు ఒకటే, చికిత్స వేఱు. కావున పది దినములలో మానని పుండును, వేగముగా పెరుగు పుండును ఇంటివద్ద నుంచుకొనరాదు. పుండు ముక్కను తీసి పరీక్షింపవలసి యుండును.

ఎండ, మొక్కలు, రంగులు

మూతిపైన, నుదుట తెల్లమచ్చ గల గుఱ్ఱమునకు ఆ తెల్లని తావు మాత్రమే యెఱ్ఱబడి, పగిలి, పొరలుగా లేచి, ప్రక్కనున్న నల్లని చర్మము చెక్కుచెదరకుండిన నది యెండ చేసిన పని. ఒక్క యెండయే కారణమైన నీడను గట్టి, వైద్యుడిచ్చిన జింకు లేపనము పూసిన చాలును. కాని లాంటానా వంటి విషపు మొక్కలు తిని కాలేయము చెడినపుడు కూడ నిట్లే యగును. అపుడు మేత మానుట, కన్నులు పచ్చబడుట చూడనగును. పైపూత లేపనము కాలేయమును బాగుచేయజాలదు. మేత స్థలమును వెంటనే మార్చి, వైద్యుని పిలువవలయును.

వయ్యారిభామ మన దేశమున 1950ల నడుమ పుణెయందు కనబడి, క్రమముగా నలుదెసల వ్యాపించినది. మనుష్యుల చేతులకు దురద పుట్టించునట్లే, అందులో మేయు జంతువుల మూతికిని కన్నుల చుట్టును దద్దుర్లు, పుండ్లు పుట్టించును. పూతకు రాకముందే వేళ్ళతో పెఱికివేయుటయే మందు. పెఱుకువారు చేతులకు తొడుగులు వేసికొనవలయును.

పెండ్లి గుఱ్ఱములకు మఱియొక బాధ గలదు. జరీ కుచ్చులు, గరుకు పట్టెలు, నైలాను త్రాళ్ళు, మొగమున పూయు రంగులు చర్మమును గీరి మండించును. మచ్చ సరిగా పట్టె ఆకారమున నుండిన కారణము వెదుకనక్కఱలేదు. పట్టెలోపల మెత్తని నూలుబట్ట కుట్టి, యూరేగింపు కాగానే విప్పి, మంచినీటితో మొగము తుడువవలయును. రంగులు పూయకుండుటయే మేలు.

గజ్జి, పులిపిరులు, వాపులు

నిదుర లేకుండ గోకుకొనునంతటి దురద తలమీద మొదలై మెడకు దిగి, చర్మము మందమై ముడుతలు పడినచో గజ్జి యని యనుమానింపుడు. చర్మమును కొంచెము గీకి సూక్ష్మదర్శినితో చూచి నిర్ణయింతురు. చిన్నపిల్లల మూతిపై గుత్తులుగా లేచు పులిపిరులు చాలవఱకు కొన్ని నెలలలో తమంతట రాలిపోవును. వానిని కోయుట, కాల్చుట వలదు.

మొగమంతయు హఠాత్తుగా వాచి దద్దుర్లు లేచిన, అది మేతగాని మందుగాని పడకపోవుట కావచ్చును. పొలమున మేయుచుండగా మూతి యొకప్రక్క వాచిన పాముకాటును తలపవలయును. గుఱ్ఱము నోటితో శ్వాసింపజాలదు. ముక్కుపుటములు వాచి మూసికొనిన ప్రాణాపాయము. అట్టి వేళ గంటలు లెక్కింపక వైద్యుని రప్పింపుడు.

అన్నిటికన్న భయంకరమైనది

మొగముపైన, కాళ్ళపైన త్రాటిముళ్ళవలె వరుసగా గడ్డలు లేచి, పగిలి, తేనెరంగు చీము కారుట, ముక్కులోపల పుండ్లు, జిగట చీమిడి, దవడ క్రింద గట్టి గడ్డ, జ్వరము, చిక్కిపోవుట, ఈ లక్షణములలో నేవి కనబడినను 'గ్లాండర్సు' అను రోగమును శంకింపవలయును. గుఱ్ఱములకు, గాడిదలకు, కంచరగాడిదలకు వచ్చునది, మనుష్యులకు నంటి ప్రాణము దీయగలది. దీనికి టీకా లేదు. మన దేశమున కొన్నాళ్ళు కనబడక, 2006లో మహారాష్ట్రమున మరల బయటపడి, పిదప పలు రాష్ట్రములలో వెలువడినది. 1899లోనే దీనికై ప్రత్యేక చట్టము చేయబడినది. దాని స్థానమున 2009లో జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము వచ్చినది. ఆ చట్టము ప్రకారము అనుమానము గలిగిన వెంటనే యజమాని ఆ జంతువును వేఱుచేసి, గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలుపవలయును. వారు పశువైద్యునికి తెలుపుదురు. రక్తపరీక్షకు హర్యానాలోని హిసారునందు గల జాతీయ అశ్వపరిశోధన కేంద్రము ప్రధానమైన తావు. రోగము రూఢియైన జంతువును వధింపవలసి వచ్చును. నష్టపరిహారపు సంగతి పశుసంవర్ధక శాఖవారి నడిగి తెలిసికొనుడు. పరిహారము దక్కునో లేదో యని రోగమును దాచుట మాత్రము కూడదు. దాచినచో ఆ చీమిడి మొదట తుడుచునది మన సాయీసు చేయి, మన బిడ్డ చేయి.

నాందేడు జిల్లాలోని మాలేగావు ఖండోబా జాతర గుఱ్ఱముల సంతకు పేరు పొందినది. అక్కడనేగాని, మఱి యేసంతనేగాని గుఱ్ఱమును కొనునపుడు పండ్లను, నడకను చూచినట్లే ముక్కుపుటములలోనికి దీపము వేసి చూచి, దవడ క్రింద తడిమి చూడుడు. తెచ్చిన గుఱ్ఱమును మూడు వారములు వేఱుగా గట్టుడు. పైకి ఏమియు కనబడకున్నను గ్లాండర్సు లోపల నుండవచ్చును, కావున రక్తపరీక్ష చేయించుట క్షేమము.

చేయరాని పనులు

వాడిన ఇంజను నూనె, కిరసనాయిలు, పొగాకు కషాయము, బ్యాటరీ నీరు మొగమునకు పూయరాదు. ఇవి చర్మమును కాల్చును, కంటబడిన చూపు పోవును.

పశువుల పిడుదులకు వాడు అమిత్రాజ్ మందును గుఱ్ఱమునకు పోయరాదు. ఎద్దునకు మేలుచేయు నీ మందు గుఱ్ఱపు ప్రేగుల కదలికను నిలిపి, లద్దె బిగిసి చచ్చునట్లు చేయగలదు. సంఘ సభ్యుల యిండ్లలో నీ మందు సామాన్యముగా నుండును గనుక ఈ మాటను మఱి మఱి చెప్పుచున్నాము. పశువులకు వేయు పురుగుల సూదిని కూడ వైద్యుని మాట లేక గుఱ్ఱమునకు వేయకుడు.

కన్ను దగ్గర ఏ లేపనమైనను స్వయముగా పూయరాదు. పుండ్లు కడుగు క్లోర్ హెక్సిడిన్ కంటబడిన కంటిపొర చెడును. వాపు తగ్గించు స్టెరాయిడు లేపనములు కంటిపొరపై గాయ మున్నపుడు కన్నునే పోగొట్టగలవు. కన్నుచుట్టు కడుగుటకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపిన నీరు చాలును. దూదిని ఒక్కసారి తుడిచి పాఱవేయుడు, రెండవ కంటికి క్రొత్త దూదిని దీసికొనుడు.

సంఘము చేయదగినది

ఒక్కని గుఱ్ఱపు తామర ఊరి గుఱ్ఱము లన్నిటికి తామర. ఒక్కడు దాచిన గ్లాండర్సు ఊరికంతకు గండము. ఇట్టి విషయములలో విడివిడిగా జాగ్రత్తపడుట చాలదు, కలిసి జాగ్రత్తపడవలయును. సహకార మనుమాటకు అర్థ మిదియే గదా! మేము మూడు సూచనలు చేయుచున్నాము. గుఱ్ఱములు, గాడిదలు గల సభ్యులు ప్రతి జంతువునకు వేఱువేఱు బుఱుసు, తలత్రాడు వాడుదుమని తమలో తాము కట్టుబాటు చేసికొనవలయును. జ్వరమానిని, పోవిడోన్ అయోడిన్, రబ్బరు తొడుగులు, దూది గల చిన్న పెట్టెను సంఘ కార్యాలయమున నుంచినచో, వందల రూపాయల ఖర్చుతో వేల రూపాయల నష్టము తప్పును. పెండ్లిండ్ల కాలమునకు ముందు, అనగా పుష్యమాసమున, పశువైద్యుని రప్పించి అన్ని గుఱ్ఱములను ఒకచోట చూపించుట మూడవది. గ్రామమున నాలుగు గుఱ్ఱములే యున్నను పొరుగు గ్రామముల వారితో కలిసినచో వైద్యుని రాక సార్థకమగును.

గుఱ్ఱము తన బాధను నోటితో చెప్పజాలదు, మొగముతో చెప్పును. మాలీసు చేయునపుడు దినమున కొక్క అయిదు నిమిషము లా మొగమును శ్రద్ధగా చూచు యజమానికి రోగము తొలినాడే కనబడును. తొలినాడు కనబడిన రోగమునకు మందును స్వల్పము, ఖర్చును స్వల్పము. మచ్చ కనబడినచో మొదట వేఱుచేయుడు, పిదప శుభ్రమైన నీటితో కడుగుడు, లక్షణములను వ్రాసికొనుడు, తెలియనిచో నడుగుడు. మందు అటు తరువాతనే.